అవార్డా, రివార్డా, ప్రైజా, ఫెలిసిటేషనా? మెచ్చుకోలుకు ఏ ఇంగ్లీషు మాట ఎక్కడ సరిపోతుంది

రవీంద్రభారతిలో సభకు ఆహ్వానపత్రిక రాసేవారు, హైటెక్ సిటీ ఆఫీసులో టీమ్‌కి మెయిల్ పెట్టేవారు, అపార్ట్‌మెంట్ సంఘం తరఫున వాచ్‌మన్ కూతురికి సర్టిఫికెట్ అచ్చు వేయించేవారు, అందరికీ ఒకచోట చెయ్యి ఆగుతుంది. మెచ్చుకోవాలన్న మనసుంది, ఇంగ్లీషు మాటలు అరడజను తెలుసు, ఏది వేయాలో తేలదు. తోచింది వేసేస్తే పోటీలో మొదటి స్థానం గెలిచిన పిల్లకి 'సర్టిఫికెట్ ఆఫ్ అప్రీషియేషన్' వెళ్తుంది. రేపు ఆ కాగితం కాలేజీ దరఖాస్తుతో జతచేస్తే, ఏదో సాయం చేసినందుకు ఇచ్చారనుకుంటారు తప్ప గెలిచిందని ఎవరికీ అర్థం కాదు. ఇచ్చినవాళ్ల ఉద్దేశం మంచిదే. నష్టం మాత్రం ఆ పిల్లకి.

మాట ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి మూడు. ఇచ్చేది ఎవరు? దేనికి ఇస్తున్నారు? చదివేది ఎవరు? మూడోది చాలామంది మర్చిపోతారు. హైదరాబాద్‌లో అందరికీ తెలిసిన మాట డాలస్‌లోనో లండన్‌లోనో చదివేవారికి వింతగా తోచవచ్చు.

ఒక్క క్రీడాకారిణి, ఐదు మాటలు

పి.వి. సింధునే తీసుకోండి. 2016 రియో ఒలింపిక్స్‌లో వెండి పతకం ఆటాడి గెలిచింది కాబట్టి దానికి 'విన్' అనే క్రియ, జరిగిపోయినదానికి 'వన్'. ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వం 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3 కోట్లు ప్రకటించాయి. సాధించినదానికి ప్రతిఫలంగా ఇచ్చే ఆ డబ్బు 'క్యాష్ రివార్డ్'. గచ్చిబౌలి స్టేడియంలో జనం మధ్య జరిగిన సన్మానం 'ఫెలిసిటేషన్'. అదే ఏడాది వచ్చిన ఖేల్‌రత్న 'అవార్డ్'. 2020లో ప్రకటించిన పద్మభూషణ్‌కు 'సివిలియన్ ఆనర్' అన్నా, 'అవార్డ్' అన్నా సరిపోతుంది. దానికి నప్పే క్రియ 'కన్ఫర్', అంటే ప్రసాదించడం. ఐదింటికీ తెలుగులో 'సింధుకు దక్కిన గౌరవం' అని ఒక్క మాటతో చెప్పేయొచ్చు. ఇంగ్లీషులో ఒకదాని చోట ఇంకొకటి పెడితే వాక్యం అతకదు.

అవార్డ్, రివార్డ్, ప్రైజ్

తికమక ఎక్కువ జరిగేది ఈ మూడింటి మధ్యే.

అవార్డ్ వెనక ఒక సంస్థ, ఒక తీర్పు ఉంటాయి. ఎవరో కూర్చుని, పేర్లు చూసి, ఫలానావారు అర్హులని నిర్ణయిస్తారు. జ్ఞానపీఠం తెలుగులో విశ్వనాథ సత్యనారాయణకు, సి. నారాయణరెడ్డికి, రావూరి భరద్వాజకు వచ్చింది. వాళ్లు పోటీకి దిగి ఎవరినీ ఓడించలేదు. ఏళ్ల తరబడి చేసిన కృషిని ఒక సంఘం తూచి ఇచ్చింది. తెలుగులో 'పురస్కారం' అనే చోట దాదాపు ఎప్పుడూ అవార్డే సరి.

రివార్డ్‌కు న్యాయనిర్ణేతలు అక్కర్లేదు. ఫలానా పని చేస్తే ఫలానాది దక్కుతుంది, అంతే. తప్పిపోయిన కుక్కపిల్లను తెచ్చిచ్చినవారికి 5,000 ఇస్తామని కాలనీ గోడల మీద అంటించే కాగితం, నిందితుడి ఆచూకీ చెప్పినవారికి పోలీసులు ప్రకటించే మొత్తం, క్రెడిట్ కార్డు పాయింట్లు, అన్నీ రివార్డులే. అందుకే సాహిత్య సభలో కవికి ఇచ్చేదాన్ని రివార్డ్ అంటే పెద్దరికం తగ్గిపోతుంది. కవిత రాసిన పనికి కూలి ఇచ్చినట్టు ధ్వనిస్తుంది.

ప్రైజ్ పోటీకి చెందింది. మొదటి, రెండో, మూడో స్థానాలుంటే, లేదా లాటరీలాగా అదృష్టం మీద వస్తే, అది ప్రైజ్. ముగ్గుల పోటీ, క్విజ్, అబిడ్స్ షాపులో లక్కీ డ్రా, వీటికి 'ఫస్ట్ అవార్డ్' అనకండి, 'ఫస్ట్ ప్రైజ్' అనండి. నోబెల్‌ను కమిటీ నిర్ణయించినా అది ప్రైజే. పేరుగా స్థిరపడ్డవాటిని ఎవరూ మార్చరు. స్కూళ్లలో 'ప్రైజ్ డిస్ట్రిబ్యూషన్' మన దగ్గర అందరికీ తెలిసిన మాట. బ్రిటన్ వాళ్లు అదే సందర్భాన్ని 'ప్రైజ్ గివింగ్' అంటారు.

క్రియలుగా వాడేటప్పుడు ఇంకో చిక్కు. 'అవార్డ్' తర్వాత ఇచ్చే వస్తువు నేరుగా వస్తుంది. 'షి వాజ్ అవార్డెడ్ ఎ గోల్డ్ మెడల్' సరైన వాక్యం. 'అవార్డెడ్ విత్ ఎ గోల్డ్ మెడల్' అని మన పత్రికల్లో తరచూ కనిపిస్తుంది, ఆ 'విత్' తీసేయండి. 'రివార్డ్'కు మాత్రం 'విత్' కావాలి, కారణానికి 'ఫర్' కావాలి. 'షి వాజ్ రివార్డెడ్ విత్ ఎ ప్రమోషన్ ఫర్ హర్ వర్క్'. రెండు మాటలూ చెవికి దగ్గరగా ఉండటంతో ఒకదాని 'విత్' ఇంకోదానికి అంటుకుంటుంది. తప్పు పుట్టేది అక్కడే.

ఇచ్చే సంస్థ 'అవార్డ్' చేస్తుంది, వేదిక మీద చేతికి అందించే అతిథి 'ప్రెజెంట్' చేస్తారు. సభ రిపోర్టులో మంత్రిగారు 'అవార్డెడ్' అని రాస్తే నిర్ణయం కూడా ఆయనదే అన్న అర్థం వస్తుంది. 'ప్రెజెంటెడ్ ది అవార్డ్' అని రాస్తే ఎవరి పాత్ర వారికి దక్కుతుంది. వరసగా చాలామందికి అందిస్తే 'గేవ్ అవే ది ప్రైజెస్' అనవచ్చు.

అవార్డ్‌కు గౌరవంతో ఏ సంబంధమూ లేని అర్థం ఒకటుంది, అది తెలియకపోతే కాగితాలు తప్పుగా అర్థమవుతాయి. రీజినల్ రింగ్ రోడ్డు వంటి ప్రాజెక్టుకు భూమి పోతున్నప్పుడు 'అవార్డ్ పాస్ చేశారు' అంటే, పరిహారం ఎంతో తేల్చి అధికారి ఇచ్చిన ఉత్తర్వు అని. లోక్ అదాలత్ ఇచ్చేదీ అవార్డే, ఆర్బిట్రేటర్ ఇచ్చేదీ అవార్డే. టెండర్ ఎవరికి దక్కిందో చెప్పడానికి కూడా 'కాంట్రాక్ట్ అవార్డెడ్' అంటారు. ఈ చోట్ల ఆ మాట అసలు సారం బయటపడుతుంది: అవార్డ్ అంటే ముందు తీర్పు, తర్వాతే కానుక.

పలికేటప్పుడు, రాసేటప్పుడు ప్రైజ్, ప్రైస్, ప్రెయిజ్ కలిసిపోతాయి. బహుమతి ప్రైజ్, ధర ప్రైస్, పొగడ్త ప్రెయిజ్. 'ప్రైస్ మనీ' అని ఫ్లెక్సీలో పడితే ధర డబ్బులు అన్నట్టవుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో జెడ్ ఉందో సి ఉందో అచ్చుకు ముందు ఒకసారి చూసుకోండి.

డబ్బు చేతులు మారుతున్నప్పుడు

ఇక్కడ మాట తప్పితే గౌరవంతో పాటు లెక్కలూ చెడతాయి.

ఇన్సెంటివ్ పనికి ముందు చెప్పేది. 'ఈ నెల ఇన్ని అమ్మితే ఇంత' అన్నది ఆశ చూపించి పని చేయించే ఏర్పాటు. పని అయ్యాక, ముందు చెప్పకుండా మెచ్చి ఇస్తే అది రివార్డ్. ముందుగా ప్రకటించి పని తర్వాత ఇచ్చేదాన్ని రెండు విధాలా అనడం ఉంది. కానీ ఆఫర్ లెటర్‌లో 'ఇన్సెంటివ్' అని ఉంటే షరతులు ఎక్కడున్నాయో అడగండి, 'డిస్క్రీషనరీ' అన్న మాట పక్కనుంటే ఇవ్వడం యాజమాన్యం ఇష్టమని తెలుసుకోండి.

బోనస్‌కు చట్టంలో అర్థం ఉంది. అర్హులైన ఉద్యోగులకు వేతనంలో 8.33 శాతానికి తగ్గకుండా, 20 శాతానికి మించకుండా ఇవ్వాల్సింది చట్టబద్ధమైన బోనస్. అది దయ కాదు, హక్కు. పండగకి యజమాని ఇష్టపడి ఇచ్చేదాన్ని కూడా నోటితో బోనస్ అనేస్తాం. కాగితం మీద దాన్ని 'ఫెస్టివల్ గిఫ్ట్' అని రాస్తే రేపు ఇది అదీ ఒకటేనా అన్న పేచీ రాదు. సింగరేణిలో దీపావళికి ఇచ్చే మొత్తం కాగితాల్లో 'పెర్ఫార్మెన్స్ లింక్డ్ రివార్డ్'. కార్మికుల నోట అది దీపావళి బోనస్. నోటి మాట తప్పేమీ కాదు, ఇంగ్లీషులో వార్త రాసేవారు మాత్రం కాగితం మీది పేరే రాయాలి.

గ్రాట్యుటీ విషయంలో దేశాన్ని బట్టి అర్థం మారిపోతుంది. మన దేశంలో ఇది ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే చట్టబద్ధమైన మొత్తం. సాధారణంగా 5 ఏళ్ల సర్వీసు నిండినవారికి, నెలకు 26 రోజుల లెక్కన, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున కడతారు. అమెరికా హోటల్ బిల్లు మీద అదే మాట కనిపిస్తే వెయిటర్‌కి ఇచ్చే టిప్ అని అర్థం. అక్కడి క్లయింట్‌కి 'అవర్ ఎంప్లాయీస్ రిసీవ్ గ్రాట్యుటీ' అని మెయిల్ పెడితే పక్కన ఒక్క వాక్యం వివరణ చేర్చండి.

సభకు వచ్చిన వక్తకు కవర్లో పెట్టి ఇచ్చేది ఆనరేరియం. ఆయన విద్వత్తుకు వెల కట్టలేదన్న మర్యాద ఆ మాటలోనే ఉంది. వాల్యుయేషన్ చేసిన లెక్చరర్‌కి పేపర్‌కి ఇంత అని లెక్కకట్టి ఇచ్చేది రెమ్యూనరేషన్. ప్రమాదంలో పోయినవారి కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే ఎక్స్‌గ్రేషియా సన్మానమూ కాదు, పరిహారమూ కాదు. బాధ్యత ఒప్పుకోకుండా దయతో ఇచ్చేదని ఆ మాటకు అర్థం. 'కాంపెన్సేషన్' కోసం దావా వేసే హక్కు వేరే ఉంటుంది. రెంటినీ ఒకటిగా రాయడం బాధితులకు అన్యాయం.

ఫెలిసిటేషన్, ఆనర్

శాలువా కప్పి, దండ వేసి, మెమెంటో చేతికిచ్చి, సన్మానపత్రం చదివే కార్యక్రమానికి భారతదేశపు ఇంగ్లీషులో 'ఫెలిసిటేషన్' సరైన మాట. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ నుంచి కాలనీ కమ్యూనిటీ హాల్ దాకా ఇదే నడుస్తోంది, మానేయనక్కర్లేదు. బ్రిటన్, అమెరికా పాఠకులకు ఈ మాట అరుదు. వినిపించినా వట్టి అభినందన అనే తోస్తుంది, వేదిక, శాలువా మనసులోకి రావు. అమెరికాలో తానా సభలకు వెళ్లే తెలుగువారికి పంపే ఆహ్వానపత్రికలో ఉంచండి. విదేశీ సహోద్యోగికి రాసే మెయిల్లో 'వాజ్ ఆనర్డ్ ఎట్ ఎ సెరిమొనీ' అనండి.

దీనికి ఒక బద్ధశత్రువు ఉంది, 'ఫెసిలిటేషన్'. అంటే సౌకర్యం కల్పించడం, పని సులువు చేయడం. ఫ్లెక్సీ షాపులో హడావిడిగా టైప్ చేస్తే ఒకటి ఇంకొకటై పోతుంది. రెండూ సరైన మాటలే కాబట్టి కంప్యూటర్ ఎర్రగీత గీయదు. 'గ్రాండ్ ఫెసిలిటేషన్ టు ...' అని పదడుగుల బ్యానర్ కింద ఎనభై ఏళ్ల పండితుణ్ణి కూర్చోబెట్టాక సరిదిద్దే దారి ఉండదు. అచ్చుకు ముందు ఆ ఒక్క మాటను అక్షరం అక్షరం చదివించండి.

ఆహ్వానపత్రికలో 'చీఫ్ గెస్ట్', 'గెస్ట్ ఆఫ్ ఆనర్' రెండు వరుసలుంటాయి. మనకు మొదటివారు ముఖ్య అతిథి, రెండోవారు విశిష్ట అతిథి. బయటి దేశాల ఇంగ్లీషులో గెస్ట్ ఆఫ్ ఆనర్ అంటే ఎవరి గౌరవార్థం ఆ విందో సభో జరుగుతోందో వారు. విదేశీ ప్రొఫెసర్‌ను ఆ పేరుతో పిలిచి వేదిక మీద మూడో కుర్చీ వేస్తే ఆయనకు అయోమయం. పిలుపు ఉత్తరంలోనే 'విల్ స్పీక్ ఆఫ్టర్ ది చీఫ్ గెస్ట్' అని రాసేయడం మేలు.

డిగ్రీలు, గౌరవ డాక్టరేట్లకు 'కన్ఫర్' నప్పుతుంది. అధికారం ఉన్న సంస్థ పైనుంచి ప్రసాదించేది అని దాని అర్థం. 1953లో ఉస్మానియా విశ్వవిద్యాలయం అంబేడ్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. దాన్ని చెప్పాలంటే 'కన్ఫర్డ్ ఆన్ హిమ్' అనాలి. చదివి, థీసిస్ రాసి తెచ్చుకున్న పీహెచ్‌డీకి 'వాజ్ అవార్డెడ్ ఎ పీహెచ్‌డీ' సరిపోతుంది. బయోడేటాలో రెంటినీ ఒకే వరుసలో పెట్టకుండా, గౌరవ పట్టా పక్కన 'ఆనరరీ' అని తప్పక వేయండి. కాలనీ సంఘం ఇచ్చే మెమెంటోకి 'కన్ఫర్' వాడితే మాట బరువును సందర్భం మోయలేదు.

పద్మ పురస్కారాలున్న అతిథి పేరు ముందు 'పద్మశ్రీ' అని తగిలించడం మన బ్యానర్ల మీద మామూలైపోయింది. అది సరికాదు. రాజ్యాంగం 18వ అధికరణ బిరుదులను రద్దు చేసింది. 1954లో మొదలైన ఈ పురస్కారాలు బిరుదులు కావనీ, పేరుకు ముందూ వెనకా వాడరాదనీ సుప్రీంకోర్టు 1995 తీర్పులో చెప్పింది. ఇంగ్లీషు ఆహ్వానపత్రికలో పేరు రాసి, కామా పెట్టి, 'రెసిపియంట్ ఆఫ్ ది పద్మశ్రీ' అని, పక్కన సంవత్సరం వేయండి. గౌరవమూ నిలుస్తుంది, నిబంధనా నిలుస్తుంది.

అప్రీషియేట్, కమెండ్, కాంగ్రాచ్యులేట్

'మా సార్ నన్ను అప్రీషియేట్ చేశారు' అంటే మన అర్థం పైకి చెప్పి మెచ్చుకున్నారని. ఇంగ్లీషులో దాని మొదటి అర్థం విలువ గుర్తించడం, మనసులో కృతజ్ఞత ఉండటం. పైకి చెప్పకపోయినా అప్రీషియేట్ చేసినట్టే. 'మై మేనేజర్ అప్రీషియేటెడ్ మీ' అన్నది విదేశంలో చదివేవారికి అసంపూర్తిగా తోస్తుంది. 'ప్రెయిజ్డ్ మై వర్క్' అంటే స్పష్టం. విన్నపంలో అయితే 'ఐ వుడ్ అప్రీషియేట్ ఇట్ ఇఫ్ యు' అని 'ఇట్' ఉండాలి, మన మెయిళ్లలో రాలిపోయేది అదే. కోకాపేటలో ఫ్లాట్ ధర పెరగడం కూడా అప్రీషియేషనే, విలువ అన్న మూలార్థం అక్కడ నేరుగా కనిపిస్తుంది.

'కమెండ్'కు దిశ ఉంది, పైనుంచి కిందికి. కమిషనర్ కానిస్టేబుల్‌ను కమెండ్ చేస్తారు, ప్రిన్సిపాల్ విద్యార్థిని చేస్తారు. మీ పై అధికారికి 'ఐ కమెండ్ యు' అని రాస్తే, ఆయన పనికి మీరు మార్కులు వేసినట్టుంటుంది. అక్కడ 'ఐ అడ్మైర్' గాని, 'ఐ యామ్ గ్రేట్‌ఫుల్ ఫర్' గాని సరైనవి. తప్పుగా వాడితే నొప్పి కలిగించే మాటల్లో ఇది మొదటిది, అయినా దీని గురించి హెచ్చరించేవారు తక్కువ.

'రికగ్నైజ్' ఆఫీసుల్లో 'రివార్డ్స్ అండ్ రికగ్నిషన్' అని జంటగా వస్తుంది. డబ్బు, గిఫ్ట్ కార్డు ఉంటే రివార్డ్. పేరు చదివి చప్పట్లు కొట్టించడం రికగ్నిషన్. 'అక్‌నాలెడ్జ్' ఇంకా తక్కువ మోతాదు: సాయం అందిందని ఒప్పుకోవడం. పుస్తకం మొదట్లో కృతజ్ఞతల పేజీకి అది చక్కగా సరిపోతుంది, సన్మానానికి చప్పగా ఉంటుంది.

'కాంగ్రాచ్యులేట్' సాధించినదానికి, దాని తర్వాత 'ఆన్' వస్తుంది. 'కాంగ్రాచ్యులేషన్స్ ఫర్' అని మనవాళ్లు రాసినా అర్థమవుతుంది, 'ఆన్' అయితే ఎవరూ వేలెత్తి చూపరు. 'కాంప్లిమెంట్' చిన్న పొగడ్త. అదే ఉచ్చారణతో ఐ బదులు ఇ ఉంటే ఒకదానికొకటి పూరకం అని అర్థం మారిపోతుంది. పెళ్లి పత్రికల అడుగున 'విత్ బెస్ట్ కాంప్లిమెంట్స్ ఫ్రమ్' దగ్గర ఈ ఒక్క అక్షరమే తరచూ జారుతుంది.

సర్టిఫికెట్ మీద ఏ శీర్షిక, మెమెంటో మీద ఎన్ని మాటలు

ర్యాంకు వచ్చినవారికి 'సర్టిఫికెట్ ఆఫ్ మెరిట్'. ఒక స్థాయి దాటినవారందరికీ 'ఎక్సలెన్స్'. పాల్గొన్నవారికి 'పార్టిసిపేషన్'. వాలంటీర్లకు, దాతలకు, జడ్జిలుగా వచ్చినవారికి 'అప్రీషియేషన్'. ఒక సాహసానికో, విధి నిర్వహణకో పై అధికారి ఇచ్చేది 'కమెండేషన్'. ఒకే ఫార్మాట్ తెచ్చి అందరికీ పేర్లు మార్చి అచ్చు వేస్తే పాల్గొన్నవారూ గెలిచినవారూ ఒకటైపోతారు. శీర్షికలు రెండు మూడు వేరుగా డిజైన్ చేయించడం ఖర్చులో పెద్ద తేడా కాదు.

సన్మానపత్రాన్ని ఇంగ్లీషులో 'సైటేషన్' అంటారు. అందులో ఉండాల్సింది ఎందుకు ఇస్తున్నారో ఆ కారణం. చదవడానికి నిమిషం పట్టేలా, 100 నుంచి 120 మాటలు చాలు. మొదటి వాక్యంలో ఇచ్చే సంస్థ, పురస్కారం పేరు, గ్రహీత పేరు. తర్వాత రెండు మూడు నిర్దిష్టమైన పనులు, వాటి సంవత్సరాలు. చివర తేదీ, ఊరు, సంతకాలు. 'మల్టీ ఫేసెటెడ్ పర్సనాలిటీ' లాంటి మాటలు ఎవరికైనా అతుకుతాయి, అందుకే ఎవరినీ పట్టివ్వవు. 'టాట్ మ్యాథమెటిక్స్ ఎట్ దిస్ స్కూల్ ఫ్రమ్ 1991 టు 2024' అన్న ఒక్క వాక్యం ఆ మాస్టారిని కళ్లముందు నిలబెడుతుంది.

మెమెంటో ఫలకం చిన్నది, 25 మాటలు దాటితే అక్షరాలు చీమల్లా అవుతాయి. 'ప్రెజెంటెడ్ టు', పేరు, 'ఇన్ రికగ్నిషన్ ఆఫ్', కారణం ఒక్క పంక్తి, సంస్థ, తేదీ. పెంబర్తి ఇత్తడి రేకు పనిలో, కరీంనగర్ వెండి జాలీ పనిలో రాత కోసం విడి ప్లేటు పెట్టించుకోండి. పనితనం మీదే చెక్కిస్తే తప్పు దొర్లినప్పుడు వస్తువంతా పాడవుతుంది. ఆ వస్తువు పేరు మెమెంటో, 'మొమెంటో' కాదు. జ్ఞాపకం అన్న అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది, 'మొమెంట్'తో కలిపి పలకడం వల్ల మొదటి అక్షరం మారిపోయింది. పేరులో ఇంటి పేరు అక్షరాలు, మధ్య చుక్కలు గ్రహీత ఆధార్‌లో ఉన్నట్టా, పుస్తకాల మీద ఉన్నట్టా అన్నది వారి ఇంటివారిని అడిగి రాయించుకోవాలి, ఫోన్‌లో విని కాదు.

చనిపోయినవారికి ఇచ్చే పురస్కారానికి 'పోస్ట్యుమస్' అని చేర్చాలి. పి.వి. నరసింహారావుకు 2024లో భారతరత్న అలాగే వచ్చింది. 'ట్రిబ్యూట్', 'హోమేజ్' మాటలు జాగ్రత్త. ఇంగ్లీషులో బతికున్నవారికీ ట్రిబ్యూట్ చెల్లుతుంది గాని, మన పత్రికల్లో 'రిచ్ ట్రిబ్యూట్స్' అంటే నివాళి. ఫొటోతో 'ఎ ట్రిబ్యూట్ టు' అని బ్యానర్ కడితే దారిన పోయేవారు దండం పెట్టి వెళ్తారు. బతికున్న పెద్దల సభకు 'ఇన్ ఆనర్ ఆఫ్' వాడండి. బ్రిటిష్ స్పెల్లింగ్‌లో ఆ 'ఆనర్'లో చివరి ఆర్‌కు ముందు యు ఉంటుంది, ఆనరరీలో, ఆనరేరియంలో ఆ చోట ఏ దేశపు స్పెల్లింగ్‌లోనూ యు రాదు.